పాట ఎవరిదో ముందు రాయండి: కాపీరైట్ల రిజిస్ట్రార్ గారికి బహిరంగ లేఖ

ఆర్.ఎస్. పురం,
కోయంబత్తూరు.



పాటల హక్కుల మాట ఎత్తితే మా ఊళ్ళో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సంగీత దర్శకుడు ఇళయరాజా గారి నోటీసులే. 2017లో గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, చిత్ర అమెరికాలో కచేరీలు చేస్తున్నప్పుడు వెళ్ళిన నోటీసు దగ్గర్నుంచి మద్రాసు హైకోర్టులో ఏళ్ళ తరబడి సాగిన కేసుల దాకా పత్రికలు వివరంగా రాశాయి. 2024 ఏప్రిల్‌లో ఒక విచారణ మధ్యలో, పాట రాసిన కవి కూడా వచ్చి హక్కు నాదంటే ఏమవుతుందని న్యాయమూర్తులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ తగాదాలన్నిటిలోనూ ఒక సంగతి ముందే తేలిపోయి ఉంది. బాణీ ఎవరు కట్టారో, సాహిత్యం ఎవరు రాశారో, ఎవరు పాడారో అందరికీ తెలుసు. తేలవలసింది హక్కు, దాని వెంట వచ్చే డబ్బు. నేను మీకు రాస్తున్నది దానికి ముందు మెట్టు గురించి: పాట ఎవరిదో ఎక్కడా రాసి లేనప్పుడు ఆ పాట కట్టినవాళ్ళకు జరిగే నష్టం గురించి. రచయిత పేరు ఉండాల్సిన గడిలో ‘సంప్రదాయం’ అనో ‘జానపదం’ అనో రాసి ముందుకు వెళ్ళిపోయిన రోజునే చాలా పాటలు చేజారిపోతున్నాయి. తర్వాత కోర్టులు చేయగలిగింది తక్కువ. ఆ గడిని సరిగ్గా నింపించే బాధ్యత, అధికారం మీ కార్యాలయానికి ఉన్నాయని నా వాదన.

ఒక ప్రసిద్ధమైన ఉదాహరణతో మొదలుపెడతాను. 2020 మార్చిలో సోనీ మ్యూజిక్ విడుదల చేసిన ‘గెందా ఫూల్’ పాటలో గాయకుడు బాద్‌షా ఒక బెంగాలీ పల్లవిని వాడుకున్నారు. దాన్ని జానపదంగా చూపించారు. అది బీర్భూమ్ జిల్లాకు చెందిన రతన్ కహార్ కట్టిన పాట అని బెంగాల్ అంతా గొంతెత్తింది. బాద్‌షా ఇచ్చిన సమాధానం మీరు శ్రద్ధగా చూడవలసినది. విడుదలకు ముందు వెతికామనీ, పాత రికార్డింగుల మీద గానీ కాపీరైట్ సొసైటీల దగ్గర గానీ ఆ పేరు కనిపించలేదనీ ఆయన చెప్పారు. తర్వాత ఆ వృద్ధుడికి 5 లక్షల రూపాయలు పంపారు. నేను బాద్‌షా మాటను నమ్ముతున్నాను. అది నిజం కావడమే ఇక్కడ అసలు చిక్కు. మంచి ఉద్దేశంతో వెతికినా దొరకనంతగా ఒక బతికున్న రచయిత పేరు దేశంలోని లెక్కల్లోంచి తప్పిపోయింది. ఒకసారి ఏదో పాత రికార్డు మీద పడిన ‘సంప్రదాయం’ అనే ముద్ర తర్వాతి ప్రతి రికార్డుకూ సాక్ష్యమై కూర్చుంది. 2024లో అదే రతన్ కహార్‌కు కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అదే జాబితాలో మా కోయంబత్తూరు జానపద నృత్యం వళ్ళి ఒయిల్ కుమ్మి గురువు బద్రప్పన్ గారి పేరూ ఉంది. దేశం బిరుదిచ్చి గుర్తించిన ఇలాంటి కళాకారుల పాటలు దేశపు రిజిస్టరులో ఏ పేరు మీద ఉన్నాయో ఒకసారి మీరే తీయించి చూడండి.

తెలుగు సినిమాలో రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. 2009లో మగధీర వచ్చినప్పుడు, తన ‘ఏం పిల్లడో’ పాటను అడగకుండా వాడుకున్నారని వంగపండు ప్రసాదరావు అభ్యంతరం చెప్పారు. నిర్మాత అల్లు అరవింద్ ఆయనకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పారనీ పరిహారం ఇచ్చారనీ వార్తలొచ్చాయి. వ్యవహారం తొందరగా తేలిపోయింది, ఎందుకంటే ఆ పాట వంగపండుదని ఉత్తరాంధ్రలో పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. 2021లో లవ్ స్టోరీ సినిమా కోసం వచ్చిన ‘సారంగ దరియా’ సంగతి వేరు. పల్లవి జానపదం, మిగతాది సుద్దాల అశోక్ తేజ రచన. మూలపాటను సేకరించి వెలుగులోకి తెచ్చింది తానేనని ఒక జానపద గాయని ముందుకొచ్చారు. అంతకు ముందే మేమూ పాడామన్న మాటలూ వినిపించాయి. దర్శకుడు శేఖర్ కమ్ముల వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. టీవీ చర్చల్లో వారాల తరబడి ఒకరినొకరు నిందించుకున్నారు. అక్కడ ఎవరి పక్షాన న్యాయముందో చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో, ఎప్పుడు ఎక్కడ పాడారో రాసి పెట్టిన ఒక్క కాగితం ఉండి ఉంటే ఆ రచ్చలో సగం పుట్టేదే కాదు. పాట తీసుకునేవాళ్ళు ముందే వెళ్ళి అడిగేవాళ్ళు, అడగకపోతే తప్పు ఎవరిదో వెంటనే తేలేది.

ఈ కాగితం ఎందుకు లేదన్నదానికి చట్టంలోనే చరిత్ర ఉంది. 1957 కాపీరైట్ చట్టం సంగీత రచనకు ఇచ్చిన మొదటి నిర్వచనం ప్రకారం, బాణీ అచ్చయ్యో, స్వరలిపిలో రాసో ఉండాలి. 1994లో ఆ నిర్వచనం మారేదాకా, అంటే దాదాపు 37 ఏళ్ళ పాటు, నోటితో బాణీ కట్టి నోటితోనే నేర్పినవాళ్ళు చట్టం దృష్టిలో ఏమీ కట్టనట్టే లెక్క. సినిమా పాటలు రాసినవాళ్ళ గతి కూడా గొప్పగా లేదు. కోయంబత్తూరుకు ఈ విషయం బాగా తెలుసు. 1930లలో సెంట్రల్ స్టూడియో, తర్వాత శ్రీరాములు నాయుడు గారి పక్షిరాజా స్టూడియో ఇక్కడే వెలిశాయి. ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన అగ్గిరాముడు 1954లో పక్షిరాజా నుంచే వచ్చింది. అదే కథ తమిళంలో మలైక్కళ్ళన్‌గా వచ్చి, ఆ తర్వాత హిందీ, మలయాళం, కన్నడ, సింహళ భాషలకూ వెళ్ళింది. అన్ని భాషల్లో అన్నిసార్లు పాటలు రాయించుకున్న ఆ స్టూడియోల కాలంలో జీతానికో, ఒక్కసారి చేతిలో పెట్టే మొత్తానికో రాయడమే రివాజు. డబ్బిచ్చి రాయించుకున్న నిర్మాతే మొదటి హక్కుదారు అని 1977లో పాటల హక్కుల సొసైటీ ఐ.పి.ఆర్.ఎస్. కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాడేవాళ్ళకు చట్టంలో ఏ హక్కూ లేకపోవడం గురించి జస్టిస్ కృష్ణయ్యర్ అదే తీర్పుకు తన మాటగా ఆవేదన జోడించారు. పాడేవాళ్ళ హక్కు 1994లో వచ్చింది. కవికీ, సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటాను ఏ ఒప్పందంతోనూ వదిలించుకోలేని హక్కుగా చేసిన సవరణ 2012లో వచ్చింది. దాని కోసం జావేద్ అఖ్తర్ రాజ్యసభలో పోరాడారు. ఈ సవరణ గొప్పదే, కాదనను. అయినా దాని ఫలం దక్కేది పేరు లెక్కలో ఉన్నవాళ్ళకే. ఏ పాట ఎవరిదని నమోదై ఉందో దాన్నిబట్టే సొసైటీ డబ్బు పంచుతుంది. పేరు లేని కవికి చట్టం ఎంత వాటా రాసిచ్చినా చేతికందేది శూన్యం.

రిజిస్టరు చేసుకోవద్దని ఎవరన్నారని మీ సిబ్బంది అడగవచ్చు. రచనకు రుసుము 500 రూపాయలే, దరఖాస్తు ఆన్‌లైన్లోనే. పైగా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాట పుట్టిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. ఈ మాట సాంకేతికంగా సరైనది, ఆచరణలో మాత్రం పనికి రానిది. హక్కు దానంతటదే వస్తుంది గానీ రుజువు దానంతటది రాదు. రిజిస్టరులోని వివరాలను ప్రాథమిక సాక్ష్యంగా తీసుకోవాలని 48వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టరులో లేనివాళ్ళు మొదటి నుంచీ సాక్షులను వెతుక్కోవాలి. తనకు తానే రిజిస్టర్డ్ పోస్టులో పాట పంపుకుని కవరు విప్పకుండా దాచుకుంటే చాలన్న సలహా కొత్త కవుల మధ్య ఇంకా తిరుగుతోంది. చట్టం ఆ కవరుకు ఏ ప్రత్యేక విలువా ఇవ్వలేదు. కోర్టు ఖర్చు సంగతి సరేసరి. కాపీరైట్ బోర్డు పని చూసిన మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డును 2021లో రద్దు చేశాక ఆ వ్యవహారాలూ కోర్టుల మీదే పడ్డాయి. 63వ సెక్షన్‌లో మూడేళ్ళ జైలు దాకా ఉంది, కాబట్టి శిక్ష చాలడం లేదని నేను అనడం లేదు. శిక్ష దాకా వెళ్ళగలిగే దారిలో మొదటి అడుగే చాలామందికి అందడం లేదు.

మా సంగతి చూడండి. 2011 జనగణన ప్రకారం తమిళనాట తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. కోయంబత్తూరులో, మదురైలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇంటి మాట తెలుగు, చదువు తమిళం. తెలుగు పాట రాసుకోవలసి వస్తే చాలామంది తమిళ లిపిలోనే రాసుకుంటారు. దేవరాట్టం ఆడే రాజకంబళ నాయకర్ల పెళ్ళిపాటలు, జక్కమ్మ పాటలు, అరుంధతీయుల పేటల్లో వినిపించే ఏడుపు పాటలు చాలా వరకు ఏ లిపిలోనూ లేవు. పాత పాటలకు కొత్త చరణాలు కట్టేవాళ్ళు, పూర్తిగా కొత్త పాటలు కట్టేవాళ్ళు వీళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఒక స్త్రీ తన పాటను నమోదు చేయించుకోవాలంటే సాహిత్యానికి ఒక దరఖాస్తు, బాణీకి మరొకటి పెట్టాలి, ఎందుకంటే చట్టం మాటను సంగీతం నుంచి విడదీసింది. ఆ దరఖాస్తును ఆమె తెలుగులో నింపడానికి లేదు, తమిళంలో నింపడానికీ లేదు. స్వరలిపి అడిగితే రాసిచ్చేవాళ్ళు ఆమె వీధిలో ఉండరు. సెల్‌ఫోన్లో తను పాడి పంపిన రికార్డింగే ఆమె దగ్గరున్న అసలైన ప్రతి. రెండు దరఖాస్తులను ఒకటి చేసి, పాడిన రికార్డింగును ప్రతిగా తీసుకుని, నోటిమాటగా చెప్పిన వివరాలను జిల్లా గ్రంథాలయంలోనో సంగీత కళాశాలలోనో రాయించుకునే ఏర్పాటు చేస్తే ఆమె పేరు ఢిల్లీ దాకా వస్తుంది.

ఇక్కడ 31ఎ సెక్షన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు ఇంతకన్నా గట్టి ఆధారం చట్టంలో మరొకటి లేదు. రచయిత చనిపోయినా, ఎవరో తెలియకపోయినా, ఎంత వెతికినా దొరకకపోయినా, ఆ రచనను ప్రచురించడానికి ఎవరైనా లైసెన్సు అడగవచ్చు. అడిగే ముందు పత్రికలో ఒక ప్రకటన వేయాలి. రచయితో వారసులో ఉంటే చూసి ముందుకొస్తారని దాని ఉద్దేశం. ఏ పత్రికలో వేయాలి? దేశంలో ఎక్కువ భాగాన చదివే ఇంగ్లిషు దినపత్రికలో, ఒక్క సంచికలో. అనువాదానికి లైసెన్సు అడిగితే ఆ అనువాద భాషా పత్రికలో కూడా వేయాలి. అంటే ఒక తెలుగు పాటను ఫ్రెంచిలోకి తేవాలనుకుంటే ఫ్రెంచి పత్రికలో ప్రకటన తప్పనిసరి. ఆ పాట పుట్టిన తెలుగులో మాత్రం తప్పనిసరి కాదు. తప్పిపోయిన మనిషి కోసం ఆ మనిషి ఎన్నడూ చదవని భాషలో వెతకమని చట్టం చెబుతోంది. ఇది ఎవరి దురుద్దేశమూ కాకపోవచ్చు, ఆ నియమం రాసినవాళ్ళకు రచయిత అంటే పుస్తకాలు అచ్చేయించుకున్న పెద్దమనిషి మాత్రమే గుర్తొచ్చి ఉంటాడు. కానీ దాని బరువు మోసేది అచ్చుకు నోచుకోని పాటగత్తెలూ పాటగాళ్ళూ.

జానపదం అందరి సొత్తు, దానికి యజమాని పేరు రాస్తే పాట చచ్చిపోతుందని అనేవాళ్ళున్నారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అందులో పాట మీద ప్రేమ ఉంది. వందమంది నోళ్ళలో నానిన పాటను ఒక్కరికి కట్టబెట్టడం నిజంగా అన్యాయమే. అయితే మన సంప్రదాయం పేరును ఎన్నడూ తేలిగ్గా చూడలేదు. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాల ముద్ర ఉంది, త్యాగరాజు కృతుల్లో ఆయన పేరే ముద్ర. అన్నమయ్య, ఆయన వంశంవారైన తాళ్ళపాక కవుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ప్రత్యేకంగా కట్టిన అరలో దాచారు. కాబట్టే నాలుగు శతాబ్దాలు దాటాక, 1920లలో అవి మళ్ళీ వెలుగులోకి వచ్చినప్పుడు కవి ఎవరన్న తగాదా రాలేదు. తన పాటలకు నకళ్ళు కట్టేవాళ్ళ మీద అన్నమయ్యే కోపంతో ఒక సంకీర్తన చెప్పాడు. తమ పాటలు నలుగురూ పాడుకోవాలనే ఆ కవులు కోరుకున్నారు, పేరు చెరిపేయమని కోరుకోలేదు. పాడుకునే స్వేచ్ఛ ఒకటి, పాటను సినిమాలోనో ప్రకటనలోనో పెట్టి అమ్ముకోవడం మరొకటి. పెళ్ళిలో పాట పాడితే రాయల్టీ కట్టనక్కర్లేదని చట్టమే మినహాయించింది. ఆ మినహాయింపు అలాగే ఉండాలి. నేనడుగుతున్నది అమ్మకానికి పెట్టేవాళ్ళను గురించి మాత్రమే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. రిజిస్టరు తలుపులు బార్లా తెరిస్తే ఊరందరి పాటను ముందుగా వచ్చినవాడు తన పేరున రాయించుకుంటాడు కదా? జరగవచ్చు. అందుకే పాడినవాళ్ళనూ, నేర్పినవాళ్ళనూ, కట్టినవాళ్ళనూ వేర్వేరు గడుల్లో రాయాలి. పాడిన మనిషికి 38వ సెక్షన్ కింద తన గానం మీద 50 ఏళ్ళ హక్కు ఇప్పటికే ఉంది, ఆ హక్కు కోసం పాట నేనే కట్టానని అబద్ధం చెప్పనక్కర్లేదు. ఫలానా ఊళ్ళో, ఫలానా కులంవాళ్ళు పాడేది, ఫలానా ఏడాది ఫలానా ఆమె నోట విన్నది అని రాసినా చాలు. ఆ నమోదు దొంగ దావాను కూడా అడ్డుకుంటుంది. వైద్యం విషయంలో మన ప్రభుత్వం సరిగ్గా ఇదే చేసింది. పసుపుతో గాయాలు మానడం మీద అమెరికా ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించాక, మళ్ళీ అలాంటి గొడవ రాకుండా 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ యోగాలను ఐదు అంతర్జాతీయ భాషల్లో రాయించి పేటెంటు ఆఫీసుల ముందు పెట్టింది. అందరిదీ అయినదాన్ని ఒక్కడు ఎగరేసుకుపోకుండా కాపాడింది ఆ నమోదే. చూర్ణానికీ తైలానికీ ఉన్న గౌరవం పాటకు ఎందుకు ఉండకూడదు?

నమోదు లేకపోతే ఎంత దూరం పోతుందో ప్రపంచమంతటికీ తెలిసిన కథ ఒకటుంది. దక్షిణాఫ్రికాకు చెందిన జులూ గాయకుడు సాలమన్ లిండా 1939లో ‘ఎంబూబే’ పాడి రికార్డు చేశాడు, చిన్న మొత్తానికి హక్కులు పోగొట్టుకున్నాడు, 1962లో పేదవాడిగానే చనిపోయాడు. ఆ పాట అమెరికాలో ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ అయి, డిస్నీ వారి లయన్ కింగ్‌లోనూ వినిపించింది. అది ఆఫ్రికా జానపదమన్న భ్రమ చాలాకాలం నడిచింది. ఆయన కుమార్తెలకు 2006లో గానీ ఒప్పందం కుదరలేదు. అప్పటికైనా ఆ పాట ఆయనదేనని చెప్పగలిగారు, ఎందుకంటే 1939 నాటి ఆ రికార్డు మీద ఆయన పేరు ఉంది.

యూట్యూబ్ కాలంలో ఈ సమస్య తలకిందులైంది కూడా. పెద్ద కంపెనీలు తమ రికార్డింగులను కంటెంట్ ఐడీ అనే యంత్రానికి ముందే అప్పజెబుతాయి. తర్వాత ఎవరు ఏ వీడియో పెట్టినా యంత్రం పోల్చి చూసి, కలిస్తే ఆ ఆదాయం కంపెనీ వైపు మళ్ళించగలదు. ఒక పల్లె పాటను కంపెనీ కొత్త వాద్యాలతో రికార్డు చేసి అక్కడ పెడితే, అసలు పాట కట్టిన మనిషి తన వీడియో మీదే అభ్యంతరం ఎదుర్కోవలసి రావచ్చు. ఆ యంత్రం ముందు ఎవరు రికార్డు అప్పజెప్పారో వాళ్ళదే పాట. కట్టినవాళ్ళు తిరిగి దావా వేయాలంటే చేతిలో ఏదో ఒక అధికారిక కాగితం ఉండాలి. ఆ కాగితం మీరు ఇవ్వగలిగేదే.

నిర్మాతలు, రికార్డు కంపెనీలు ఆలస్యం అవుతుందంటారు. సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్, జంతువులుంటే వాటి సంక్షేమ బోర్డు అనుమతి తెచ్చుకునేవాళ్ళు, పాట ఎక్కడిదో ఒక పేజీ రాయడానికి సమయం లేదంటే నేను ఒప్పుకోలేను. కాపీరైట్ సొసైటీలు తమ లెక్కలూ నివేదికలూ మీకు పంపాలని చట్టంలో ఉంది. ఆ నివేదికల్లో ‘సంప్రదాయం’ అని చూపిన ప్రతి పాటకూ మూలం ఎక్కడ వెతికారో, ఎవరిని అడిగారో, ఎవరి నోట విన్నారో రాసిన వాంగ్మూలం జతచేయమనండి. అది లేని పాట మీద వచ్చే కవి వాటాను, సంగీతకారుడి వాటాను కొన్నేళ్ళు విడిగా ఉంచమనండి. అడ్రసు లేని పాటను వాడుకోవడం ఉచితం కాదని తెలిస్తే అడ్రసు వెతకడం వాళ్ళే నేర్చుకుంటారు.

చట్టసభకు వెళ్ళవలసిన మార్పుల్లో 31ఎ సెక్షన్‌ను ముందు పెట్టండి. ప్రకటన పాట భాషలోనూ, పాట తిరిగే ప్రాంతంలోనూ రావాలని సిఫారసు చేయండి. ఆ సిఫారసు రాసేటప్పుడు భాష, ప్రాంతం రెండూ విడివిడిగా రాయాలని నా మనవి. తెలుగు పాట కాబట్టి తెలుగు పత్రికలో వేస్తే చాలనుకుంటే హైదరాబాదు, విజయవాడ చూస్తాయి, మా ఊరు చూడదు. కోయంబత్తూరులోనో మదురైలోనో పుట్టిన తెలుగు పాట సొంతదారు కోసం వెతికేటప్పుడు ఆ ప్రకటన తమిళ దినపత్రికలో కూడా రావాలి, ఇక్కడి తెలుగువాళ్ళు పొద్దున్నే చేతిలోకి తీసుకునేది దాన్నే.